మెదక్ మోరి నీళ్ళు, బీరపీచు బొగ్గు

మెదక్ వెళ్ళొచ్చానంటే మా భీమవరంలో అందరూ ముందు అడిగేది చర్చి చూశావా అని. చూశాను. కోట కూడా ఎక్కాను. అయితే నేను సెలవు పెట్టుకుని అంత దూరం పోయింది ఒక పాల సెంటర్ పక్కన నిలిచే మురుగునీళ్ళ కోసం. ఈ మాట చెప్పేసరికి అడిగినవాళ్ళు టీవీ వైపు తిరుగుతారు. వాళ్ళను తప్పుపట్టను. కానీ ఆ వీధిలో జరిగినంత మంచి నా ఉద్యోగ జీవితంలో మరెక్కడా జరగలేదు. అందుకని తీరిగ్గా రాయాలనిపించింది.

ముందు నా పని సంగతి. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. పాఠాలయ్యాక మిగిలిన వేళంతా మురుగు నుంచి కరెంటు తీసే పనిలో గడుస్తుంది. మురుగులో ఉండే కొన్ని రకాల సూక్ష్మజీవులు అందులోని మురికిని తిని, ఎలక్ట్రాన్లను బయటికి వదులుతాయి. వాటిని అందుకోవడానికి నీళ్ళ అడుగున ఒక ఎలక్ట్రోడ్ ఉండాలి. సూక్ష్మజీవులు దాన్ని అంటిపెట్టుకునే కాపురం చేస్తాయి. ఇల్లు ఎంత అనువుగా ఉంటే కరెంటు అంత బాగా వస్తుంది. ఇక్కడే నా తంటా అంతా. కొనుక్కునే కార్బన్ గుడ్డ ల్యాబ్‌లో మేం కలిపిన శుభ్రమైన నీళ్ళలో చక్కగా పనిచేస్తుంది. కొవ్వున్న నిజం మురుగులో వేస్తే నాలుగు రోజులకే దాని సన్నటి నేతలో జిడ్డు పేరుకుని చతికిలపడుతుంది. నేను దానికి బదులుగా ఎండిన నేతిబీరకాయ పీచును గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేస్తున్నాను. అందులో సందులు పెద్దవి. జిడ్డు పట్టినా నీళ్ళు ఆగవని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని నిజమైన మురుగులో రుజువు చేసే అవకాశమే రాలేదు. ఈలోగా ఈ ఏడాది పరీక్షలయ్యాక మా ల్యాబ్ గదిని కంప్యూటర్లకు ఇచ్చేస్తామని, బయట పనికొచ్చే ఫలితం ఏదైనా చూపిస్తే మాత్రం ఆలోచిస్తామని ప్రిన్సిపాల్ గారు చెప్పేశారు.

అప్పుడే స్వరూప ఫోన్ చేసింది. ఎమ్మెస్సీలో నా హాస్టల్ గది స్నేహితురాలు. మెదక్‌లో పాల సెంటర్ నడుపుతోంది. క్యాన్లు కడిగిన నీళ్ళు మురుగు పోయే మోరీలో చేరి పులిసిపోయి వాసనొస్తున్నాయని చుట్టుపక్కల వాడకట్టంతా గొడవ చేస్తున్నారట. ఉగాదిలోగా సెంటర్ ఊరి బయటికి మార్చమన్నారట. ఆ బయటికి ఇన్ని పాలు మోసుకొచ్చేదెవరు, మారిస్తే మూసుకోవడమేనని అంది. నా పని గుర్తొచ్చి చేసిందట.

"నీకు మోరి నీళ్ళు కావాలె, నాకు మోరి వాసన పోవాలె. బ్యాగ్ సర్దుకొని రా" అంది.

నర్సాపూర్ అడవి దాటుతుంటే

సికింద్రాబాద్‌లో రైలు దిగి మెదక్ బస్సు ఎక్కిన రోజు శివరాత్రికి ముందు రోజు. మెదక్ దగ్గర ఏడుపాయలలో జాతర. ఆ సంగతి తెలియక బయల్దేరడం నా తెలివి. బస్సులో కాలు మోపే చోటు లేదు. కండక్టర్ ఆధార్ చూపించమంది. ఇక్కడి ఆడవాళ్ళకు టికెట్ లేదు, చూపిస్తే చాలు. నా ఆధార్ మీద పశ్చిమగోదావరి చూసి, మీరు ఆంధ్రోళ్ళు, పైసలియ్యాలె అని నవ్వుతూ టికెట్ చింపింది. బస్సు మొత్తంలో డబ్బిచ్చిన ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబోలు.

నా దగ్గర రెండు సామాన్లు. ఒకటి ఎలక్ట్రోడ్లున్న అట్టపెట్టె. రెండోది ఒళ్ళో పెట్టుకున్న సీసా. అందులో నా ల్యాబ్‌లో పెంచిన సూక్ష్మజీవుల బురద ఉంది. పెరుగుకు తోడు ఎలాగో కొత్త డ్రమ్ముకు ఆ బురద అలాగ. నర్సాపూర్ అడవిలో మలుపులు మొదలయ్యాక, ఎండకు సీసాలో గ్యాసు పట్టి మూత టప్పుమని ఎగిరింది. కుళ్ళిన కోడిగుడ్ల వాసన బస్సంతా కమ్మింది.

నా ముందు సీట్లో ఒక ముసలావిడ అమ్మవారి మొక్కుకు బుట్టలో కోడిని తీసుకెళ్తోంది. అందరూ ఆమె మీద పడ్డారు. కోడి చచ్చిందా, చూసుకోవద్దా అని ఒకటే కేకలు. ఆవిడ కంగారుగా బుట్ట మూత తీస్తే కోడి తల ఎత్తి అందరినీ నిక్కి చూసింది. నాకిక ఉండబట్టలేదు. లేచి నిలబడి, వాసన నా సీసాదని ఒప్పుకున్నాను. అది మందా, కల్లా అని అడిగారు. మోరి మట్టి, దాంతో కరెంటు తీస్తానని చెప్పాను. నిలబడ్డవాళ్ళు సీసా కేసి మెడలు చాచారు. తర్వాత ఆ ముసలావిడే ముందు నవ్వింది.

"అయితే మా ఊర్ల మస్తు కరెంటున్నది బిడ్డా. రా, ఎంత కావాల్నంటే అంత తీసుకపో" అంది.

కిటికీలన్నీ తెరిచారు. సర్దుకుంటూ సర్దుకుంటూ ఎవరో జాతరలో వండుకోవడానికి తెచ్చిన బియ్యం మూటను నా అట్టపెట్టె మీద పెట్టారు. నేను సీసా మూతతో కుస్తీ పడుతూ అది చూడలేదు. కౌడిపల్లి దాటాక చూసి మూట తీయించాను కానీ, అప్పటికే పెట్టె ఒక పక్కకు కుంగిపోయింది.

పాల సెంటర్

స్వరూప వాళ్ళ ఇల్లు ముందు, సెంటర్ వెనక. మధ్యలో సిమెంటు చప్టా, దాని పక్కనే మోరి. మా వైపు కాలవ నీళ్ళు గుమ్మం ముందే పారుతుంటాయి, ఏం కలిసినా కొట్టుకుపోతుంది. ఇక్కడ నేలంతా రాయి, నీళ్ళు తక్కువ. మోరీలో చేరింది చేరినచోటే ఉంటుంది. పాల నీళ్ళు తెల్లగా పేరుకుని, పైన జిడ్డు తరకలు కట్టి, పుల్లటి వాసన కొడుతోంది. నాకు మాత్రం ఆ వాసన ఎంత ఆశ కలిగించిందో చెప్పలేను. సూక్ష్మజీవులకు అది పెళ్ళి భోజనం.

ఆ ఆశ పెట్టె విప్పేదాకానే ఉంది. లోపల నా బీరపీచు బొగ్గులన్నీ నలిగి, కాటుక డబ్బా ఒలకబోసినట్టు అయ్యాయి. చేతికి పట్టుకునేంత ముక్క ఒక్కటీ మిగల్లేదు. పైన తేలడానికి చేసిన రెండో రకం ఎలక్ట్రోడ్లు, పోల్చి చూడటానికి తెచ్చిన కార్బన్ గుడ్డ చుట్టలు క్షేమంగా ఉన్నాయి. నేను నెలల తరబడి చేసినవే పోయాయి. చప్టా మీద కూర్చుండిపోయాను. స్వరూప వచ్చి చూసి, చాయ్ గ్లాసు చేతిలో పెట్టింది.

అదే సమయానికి ఎదురింటి సత్తయ్య సారు వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు. స్వరూప మీద ఫిర్యాదులకు పెద్ద ఆయనే. మనిషి సన్నగా, మాట నెమ్మదిగా ఉంది. నేను చదువుకున్నదాన్నని తెలిసి నాకే చెప్పుకున్నారు.

"మీరన్న జర చెప్పుండ్రి మేడం ఈ స్వరూపకు. కిటికీ తీస్తే పాలిరిగిన వాసన. మా ఇంటామెకు దమ్ము, ఊపిరాడది. ముసలోళ్ళం, ఇల్లిడిసి మేమేడికి పోతం. ఉగాది లోపట సెంటర్ తీసెయ్యాలె."

ఆయన మాటలో అన్యాయం ఏమీ లేదు. అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. నాకు ఉగాదిదాకా టైమివ్వండని అడిగాను. ఇచ్చేదేముంది, గడువు ముందే పెట్టిందేగా అని ఆయన వెళ్ళిపోయారు. స్వరూప ఆయన వెళ్ళేదాకా ఆగి, ఇప్పుడేం చేద్దామని అడిగింది. మళ్ళీ చేద్దామన్నాను. దేనితో చెయ్యాలో అప్పటికి నాకూ తెలియదు. కాల్చడానికి ఇక్కడ నా కొలిమి లేదు, చేసినా ఇంతే పెళుసుగా ఉంటాయి.

కందగడ్డ, పల్లిపట్టి

మర్నాడు శివరాత్రి. ఇంట్లో అందరికీ ఒక్కపొద్దు. సాయంత్రం స్వరూప వాళ్ళ అత్తమ్మ ఈశ్వరమ్మ గారు ఒక్కపొద్దు విడవడానికి కందగడ్డ ఉడకబెట్టానని చెప్పారు. మా వైపు కంద అంటే దురద పెట్టే కంద. పులుసు పెట్టుకునే దుంప. ఉపవాసం రోజున ఉత్తినే ఉడకబెట్టి పెడతారేమిటని భయపడుతూ కూర్చున్నాను. పళ్ళెంలోకి వచ్చింది చిలగడదుంప. నేను ఊపిరి పీల్చుకోవడం చూసి, మీ దిక్కు దీన్నేమంటరు అని ఆవిడ అడిగారు. చెప్పాను. చిలగడ అని రెండుసార్లు పలికి చూసుకుని నవ్వారు.

తర్వాతి రోజు ఆవిడ పల్లిపట్టి చేశారు. బెల్లం పాకంలో వేయించిన పల్లీలు పోసి, పళ్ళెంలో పరిచారు. మా ఇంట్లో వేరుశనగ అచ్చు పంటి కింద ఇట్టే విరుగుతుంది. ఇది ఆరాక చేతితో విరవబోతే వేళ్ళు నొప్పిపుట్టాయి. పొత్రంతో కొడితే గానీ ముక్క కాలేదు. పల్లీల మధ్య ఖాళీలు అలాగే ఉన్నాయి, కానీ ప్రతి పల్లీని పాకం చుట్టుకుని పక్కదానికి అతికించేసింది.

ముక్క నోట్లో ఉండగానే చేతిలోది వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూశాను. బెల్లం కాలినా మిగిలేది బొగ్గే కదా. పీచును పల్చటి పాకంలో ముంచి, కారనిచ్చి, ఎండబెట్టి, అప్పుడు కాలిస్తే? పీచు బొగ్గవుతుంది, చుట్టూ ఉన్న పాకం బొగ్గయి దాన్ని కట్టిపడేస్తుంది. సందులు సందులుగానే ఉంటాయి. ల్యాబ్‌లో ఇన్నాళ్ళు ఖరీదైన జిగుర్లు ఎన్నో పూశాను, వంటింటి డబ్బా వైపు చూడలేదు. నేను లేచి నడవడం మొదలుపెట్టేసరికి ఈశ్వరమ్మ గారు పల్లిపట్టి గొంతుకు అడ్డం పడిందేమోనని నీళ్ళు తెచ్చారు.

స్వరూప తల్లిగారిది కౌడిపల్లి దగ్గర పల్లె. స్కూటీ మీద బయల్దేరాం. దారి పొడవునా బండరాళ్ళు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి, మా డెల్టాలో గులకరాయి దొరకడమే వింత. వాళ్ళ అన్న పొలం కంచె మీద నిరుటి నేతిబీర తీగలు ఎండి, కాయలు గలగలమంటూ వేలాడుతున్నాయి. కోసుకుపొమ్మని ఆయన బస్తా ఇచ్చారు. ఏం చేసుకుంటారని వదిన అడిగితే, కరెంటు అని స్వరూప ఒక్క ముక్కలో చెప్పింది. వదిన ఇంకేమీ అడక్కుండా జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా ఇంట్లో పులుసంటే పొయ్యి మీద కాగాలి. ఇక్కడ చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి పచ్చిదే పోస్తారు. ఆ ఎండలో దాన్ని మించింది లేదు. రెండు గిన్నెలు తాగాను.

కుమ్మరి వాడ

తొక్క, గింజలు తీసి, పీచును పాకంలో ముంచి, డాబా మీద ఎండబెట్టేసరికి చీమలు ఊరేగింపుగా వచ్చాయి. నాలుగు పక్కలా పసుపు గీత గీసి ఈశ్వరమ్మ గారు వాటిని ఆపారు. ఇక కాల్చడం. గాలి తగలకుండా, బాగా వేడిలో కాలాలి. వేడి చాలకపోతే బొగ్గవుతుంది కానీ కరెంటు పారదు.

ఊరి చివర కుమ్మరి యాదయ్య బట్టి ఉంది. ఎండాకాలం ముంచుకొస్తోంది, రంజన్లకు గిరాకీ. అంటే మంచినీళ్ళ కుండలు. బట్టి నిండా అవే పేర్చి ఉన్నాయి. మూతపెట్టిన నాలుగు కుండలకు నడిమధ్యలో చోటివ్వమని అడిగాను. యాదయ్య కుండల్లో ఏముందో చూసి తల అడ్డంగా ఊపాడు.

"కుండలు కాలుస్తం గని బీరకాయలు కాల్చుడేంది మేడం. లోపట పొగ పట్టి గా కుండ పేలిందనుకో, చుట్టున్న నా రంజన్లన్నీ పోతయి. ఎండకాలం మా బత్కు గదే."

అతని భయం సరైనదే. పాకం కాలుతుంటే గ్యాసు వస్తుంది, అది పోయే దారి లేకపోతే కుండ పేలుతుంది. మూతకు సన్నటి బెజ్జం వదులుతానని, గ్యాసు బయటికి పోతుంది కానీ గాలి లోపలికి రాదని, పీచు చుట్టూ బొగ్గుపొడి కూరుతానని వివరంగా చెప్పాను. అతను వింటున్నాడు కానీ నమ్మకం కుదరలేదు. అతని భార్య బాలమణి అప్పటిదాకా మట్టి తొక్కుతూ వింటోంది.

"పెట్టనియ్యి. గంత దూరంకెల్లి వచ్చింది, ఒట్టి చేతులతోని పంపుతవా" అంది.

ఆమె మాటతో పని అయింది. మూతల చుట్టూ మట్టి మెత్తి, బెజ్జాలు వదిలి, కుండలను నడిమధ్యలో పెట్టాం. సాయంత్రం నిప్పు పెట్టారు. కాసేపటికి బెజ్జాల్లోంచి వచ్చే గ్యాసు అంటుకుని, పేర్చిన కుండల సందుల్లో సన్నటి నీలిమంటలు కనపడ్డాయి. యాదయ్య నా వైపు చూశాడు. అది మంచిదే, గ్యాసు బయటికి పోతోందని అర్థమని చెప్పాను. చెప్పానే గానీ కుండ పేలే చప్పుడు కోసం నేనూ చెవి ఒగ్గే ఉన్నాను. నా పనికోసం ఒక ఇంటి ఎండాకాలం సంపాదన ఆ మంటలో ఉంది.

బట్టి చల్లారాక పిలిచారు. స్వరూప, నేను వెళ్ళేసరికి యాదయ్య రంజన్లు ఒక్కొక్కటే తీసి, వేలితో కొట్టి, చప్పుడు విని పక్కన పెడుతున్నాడు. అన్నీ బాగున్నాయి. ఒక్కటీ పగల్లేదు. అప్పుడు గానీ నేను నా కుండల వైపు చూడలేదు. ఒకదానికి అడుగున నెర్రె పట్టి గాలి చొరబడింది. అందులో తెల్లటి బూడిద తప్ప ఏమీ లేదు. రెండోది తెరిచాను. నల్లగా, నిగనిగలాడుతూ, నేతిబీర పీచు అల్లిక అల్లికే ఉంది, ఒక్క పోగు తెగకుండా. చేతిలోకి తీసుకుని నేల మీద తట్టాను. ఖణేలుమంది. ఈసారి కాస్త ఎత్తు నుంచి కావాలనే వదిలాను. విరగలేదు.

ఇక అసలు పరీక్ష. మల్టీమీటర్ తీసి రెండు ముళ్ళనూ బొగ్గుకు రెండు చివర్లా ఆనించాను. కరెంటు పారితే అది కూస్తుంది. కూసింది. తర్వాతదీ కూసింది. మూడు కుండల్లోవీ వరసగా కూస్తుంటే బాలమణి పని ఆపి వచ్చింది. అదెందుకు ఒర్రుతోందని అడిగింది. కాల్చింది మంచిగ కాలిందంటున్నదని స్వరూప చెప్పింది. యాదయ్య ముఖం విప్పారింది. నా బట్టిల కాలింది మరి, ఎట్లుంటది అన్నాడు. తర్వాత తనే మల్టీమీటర్ తీసుకుని మిగిలినవన్నీ కూయించాడు.

డ్రమ్ముల వరస

క్యాన్లు కడిగిన నీళ్ళు మోరీలోకి పోయే ముందు ఒక డ్రమ్ములోంచి ఇంకో డ్రమ్ములోకి పారేట్టు చప్టా మీద వరస పేర్చాం. ప్రతి డ్రమ్ములో అడుగున మేం నల్లబీర అని పిలవడం మొదలుపెట్టిన ఆ బీరపీచు బొగ్గు, పైన గాలి తగిలేట్టు తేలే రెండో ఎలక్ట్రోడ్, మధ్య తీగలు. విడిగా పెట్టిన ఒక డ్రమ్ములో మాత్రం కార్బన్ గుడ్డ వేశాను. అవే నీళ్ళు, అదే తోడు. తేడా ఉంటే ఎలక్ట్రోడ్‌దే కావాలి.

నా సీసాలో బురదను డ్రమ్ములకు పంచాక చేయడానికి ఏమీ లేదు. సూక్ష్మజీవులు ఇల్లు సర్దుకునేదాకా ఆగాలి. మొదటి రోజుల్లో మీటర్లో చెప్పుకోదగ్గది ఏమీ కనపడలేదు. తర్వాత కదలిక వచ్చింది, కానీ ముందుకొచ్చింది కార్బన్ గుడ్డ. నా నల్లబీర దాని వెనక ఈడ్చుకుంటూ నడుస్తోంది. నా ముఖం చూడలేక స్వరూప నన్ను ఊరు చూపించడానికి బయల్దేరదీసింది.

చర్చి నిజంగానే చూడదగ్గది. రాతి గోపురం కింద రంగు అద్దాల్లోంచి ఎండ పడి నేల మీద నీలం, ఎరుపు మడుగులు కట్టింది. మా ఊళ్ళో గుళ్ళో కొబ్బరికాయ కొట్టినట్టే ఇక్కడ అన్ని మతాలవాళ్ళూ కొవ్వొత్తి పట్టుకుని వరసలో నిలబడ్డారు. స్వరూప కూడా ఒకటి వెలిగించింది. ఏం మొక్కావంటే, మోరి అంది. కోట మెట్లెక్కి పైన కూర్చున్నాం. ఊరంతా కింద పరుచుకుని ఉంది. ఈ సెంటర్ పెట్టిన కొత్తలో ఒక్క క్యాను కూడా నిండేది కాదని, ఇప్పుడు పాలు పోసేవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళేనని, ఆ డబ్బు నేరుగా వాళ్ళ చేతికే వెళ్తుందని చెప్పింది. ఊరి బయటికి మారిస్తే వాళ్ళు నడిచి రాలేరు. పాలు మొగవాళ్ళ చేతికి, డబ్బు కూడా వాళ్ళ చేతికి వెళ్తాయి. స్వరూప ఏడవడం నేను హాస్టల్లో కూడా చూడలేదు. అప్పుడూ ఏడవలేదు, కొండ కింద తన సెంటర్ ఎక్కడుందో వేలితో చూపించింది.

దిగి వచ్చి మీటర్ పెడితే కార్బన్ గుడ్డ పెరగడం ఆగిపోయింది. మర్నాడు పొద్దున కొద్దిగా తగ్గింది. ఆ మర్నాడు ఇంకా తగ్గింది. పైకి తీసి చూస్తే వెన్న పూసినట్టు తెల్లటి పొర, నీరు చొరబడే సందు లేదు. నల్లబీర డ్రమ్ములు ఈలోగా నిదానంగా, ఒక్కరోజు కూడా వెనక్కి పోకుండా పెరుగుతూ వచ్చాయి. ఒకదాన్ని తీసి చూశాను. అల్లిక పోగుల మీద గోధుమరంగు పొర పట్టింది. సూక్ష్మజీవుల కాపురం. మధ్య సందులన్నీ తెరిచే ఉన్నాయి, నీళ్ళు ఇటు నుంచి అటు కారిపోయాయి. నా పాత బీరబొగ్గు ల్యాబ్‌లో శుభ్రమైన నీళ్ళలో ఇచ్చినదానికన్నా ఇది మురుగులో ఎక్కువ ఇస్తోంది. బెల్లంలో ఉన్న ఖనిజాలు బొగ్గును గరుగ్గా చేసి ఉండవచ్చు, ఆ గరుకు సూక్ష్మజీవులకు నచ్చి ఉండవచ్చు. ఎందుకన్నది ఇంకా తేల్చాలి. ఇస్తోందన్నది మాత్రం తేలిపోయింది.

డ్రమ్ములన్నిటి తీగలనూ కలిపి, ఆ కొద్దిపాటి కరెంటును పోగుచేసి పెంచే చిన్న సర్క్యూట్‌కు కట్టి, దానికి ఒక చిన్న ఎల్‌ఈడీ దీపం పెట్టాను. ముందు మిణుకుమంది. ఆరింది. మళ్ళీ మిణుకుమంది. పాలు పోయడానికి వచ్చిన ఆడవాళ్ళు డబ్బాలు పట్టుకుని నిలబడిపోయారు. కాసేపటికి ఆ మిణుకులు ఒకదానికొకటి దగ్గరై, దీపం నిలకడగా వెలిగింది. ఒకామె చేతులు జోడించింది. నేను స్వరూపను పట్టుకుని ఆ తడి చప్టా మీద గిరగిరా తిప్పాను. ఇద్దరం జారి పడ్డాం. నడుం పట్టేసింది, ఊరికి తిరిగొచ్చాక కూడా చాలారోజులు ఆ నొప్పి ఉంది.

సత్తయ్య సారు

మర్నాడు సాయంత్రం సారు వచ్చారు. వెంట వాడకట్టు పెద్దలు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. దీపం సంగతి ఊరంతా పాకింది. సారు డ్రమ్ముల వరస చివరిదాకా నడిచి, వంగి, తీగలను చూపుడువేలితో వెంబడించుకుంటూ వచ్చారు.

"ఏడన్న సెల్లు దాచిపెట్టిండ్రా మేడం" అని అడిగారు.

లేదని, కావాలంటే మీరే తీగ విప్పి చూడండని చెప్పాను. ఆయన విప్పారు. దీపం కొద్దిసేపు వెలిగి, సన్నబడి, ఆరిపోయింది. ఆయన తీగను మళ్ళీ తగిలించారు. దీపం వెలగలేదు. సర్క్యూట్‌లో కరెంటు మళ్ళీ పోగుపడటానికి సమయం పడుతుందని నాకు తెలుసు. తెలిసినా, అంతమంది చూస్తుండగా ఆ ఎదురుచూపు తట్టుకోవడం కష్టంగా ఉంది. పెద్దల్లో ఒకాయన వెళ్దామన్నట్టు వెనక్కి తిరిగాడు. స్వరూప క్యాను మూత పట్టుకుని కదలకుండా నిలబడింది. సారు మాత్రం దీపం మీంచి చూపు తిప్పలేదు.

దీపం వెలిగింది.

ఆయన ఇంకోసారి విప్పారు, ఇంకోసారి పెట్టారు. మళ్ళీ వెలిగింది. తర్వాత మొదటి డ్రమ్ములోంచి ఒక గ్లాసు, చివరి డ్రమ్ములోంచి ఒక గ్లాసు నీళ్ళు ముంచమన్నారు. మొదటిది తెల్లగా, చిక్కగా ఉంది. చివరిది పూర్తిగా తేట కాదు, కానీ గ్లాసు వెనక ఆయన వేళ్ళు కనపడుతున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుని రెండూ వాసన చూశారు. రెండో గ్లాసు తీసుకెళ్ళి ఎదురింట్లో భార్యకు కూడా చూపించి వచ్చారు. ఏం జరుగుతుందోనని మేం అందరం చప్టా మీదే ఉన్నాం.

"రెండు మూడు రోజుల సంది కిటికీ తీసే పండుకుంటున్నం" అన్నారు తిరిగి వచ్చి. "మా ఆమె అడిగింది, సెంటర్ బంద్ వెట్టిండ్రా అని. లేదు, నడుస్తనే ఉన్నదని చెప్పిన." పెద్దల వైపు తిరిగారు. "ఇగ సెంటర్ ఎటూ పోవద్దు. నేనే అన్న మాట, నేనే వాపస్ తీస్కుంటున్న."

స్వరూప లోపలికెళ్ళి అందరికీ చాయ్ పెట్టింది. ఈశ్వరమ్మ గారు పల్లిపట్టి పళ్ళెం తెచ్చారు. సారుకు పళ్ళు లేవు కాబట్టి ముక్క బుగ్గన పెట్టుకుని చప్పరిస్తూ, కరెంటు ఎలా పుడుతుందో నన్ను మొదటి నుంచి చెప్పమన్నారు. చెప్పాను. మధ్యలో లేచి వెళ్ళకుండా చివరిదాకా విన్న మొదటి మనిషి ఆయనే.

ఇంటికి వచ్చాక

నేను తిరిగి వచ్చిన వారంలోనే మా ప్రిన్సిపాల్ గారు ల్యాబ్‌కు వచ్చి, స్వరూప పంపిన వీడియో చూసి, గది మీ దగ్గరే ఉంచుకోండి అన్నారు. కంప్యూటర్లు మేడ మీదకు వెళ్ళాయి. యాదయ్య బట్టిలో ఇప్పుడు ప్రతి విడతా రంజన్ల నడుమ రెండు మూడు నల్లబీర కుండలు ఉంటున్నాయి. కౌడిపల్లి పాల సెంటర్ వాళ్ళు వచ్చి చూసి, తమకూ కావాలని అడిగి వెళ్ళారట.

మా ఊరి పక్కన రొయ్యలు కడిగే షెడ్డు ఉంది. ఆ నీళ్ళ ముందు పాల నీళ్ళు పన్నీరుతో సమానం. మెదక్ నుంచి వచ్చిన నల్లబీరను అక్కడి డ్రమ్ములో వేసి, రోజూ కాలేజీ కాగానే వెళ్ళి చూస్తున్నాను. నిన్న సాయంత్రం షెడ్డువాళ్ళంతా చుట్టూ మూగి ఉండగా అక్కడా దీపం వెలిగింది. నిలబడినచోటు నుంచే స్వరూపకు ఫోన్ చేసి చెప్పాను. అటువైపు క్యాన్లు కడుగుతున్న చప్పుడు. దాని మీంచి తను గట్టిగా అంది,

"ఇగ ఆంధ్ర మోరీలు గూడ మనయే పో."